ఒకే పెట్టెలో మూడు డిస్కులు, మూడు వేరు వేరు రోగాలు

తమ్ముడూ, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. అమ్మమ్మగారింట్లో అటక దులిపితే మీ మామయ్య దాచుకున్న గేమ్ డిస్కుల పెట్టె దొరికింది. నీది విండోస్ 11 ల్యాప్‌టాప్, దానికి డిస్క్ డ్రైవ్ లేదు కాబట్టి యూఎస్‌బీ డీవీడీ డ్రైవ్ ఒకటి కొన్నావు. ఒక గేమ్ 73 శాతం దగ్గర ఆగి సీఆర్‌సీ ఎర్రర్ ఇస్తోంది. 1990ల నాటి ఇంకో సీడీలో సెటప్ నొక్కగానే "ఈ యాప్ మీ పీసీలో నడవదు" అంటోంది. నువ్వు అసలు ఆడాలనుకున్న మూడోది, 2005 నాటి నీడ్ ఫర్ స్పీడ్: మోస్ట్ వాంటెడ్, చక్కగా ఇన్‌స్టాల్ అయింది కానీ ఐకాన్ ఎన్నిసార్లు నొక్కినా ఉలుకూ పలుకూ లేదు. "కొత్త డ్రైవ్ కూడా పాడైపోయినట్టుంది, ఇంకోటి కొనాలా అన్నా?" అని అడిగావు.

కొనకు. నీ మూడు డిస్కుల్లో డ్రైవ్‌ని అనుమానించాల్సింది మొదటిదాని విషయంలో మాత్రమే, అక్కడ కూడా సగమే. జ్వరం, విరిగిన కాలు, పోయిన తాళంచెవి అన్నిటికీ ఒకే మాత్ర వేస్తే ఎలా ఉంటుందో, "గేమ్ ఇన్‌స్టాల్ కావట్లేదు" అని వెతికి కనిపించిన చిట్కాలన్నీ వరసగా చేయడం అలాగే ఉంటుంది. ముందు చూడాల్సింది ఎక్కడ ఆగింది అనేది. ఫైళ్లు కాపీ అవుతుండగా మధ్యలో ఆగితే డిస్క్ చదవడంలో సమస్య. సెటప్ అసలు తెరుచుకోకపోతే ఇన్‌స్టాలర్‌కీ విండోస్‌కీ పడట్లేదు. అంతా పూర్తయ్యాక గేమ్ మొదలవకపోతే నూటికి తొంభై పాళ్లు కాపీ ప్రొటెక్షన్, అంటే నకళ్లు ఆపడానికి కంపెనీ గేముకి వేసిన తాళం. నీకు అదృష్టవశాత్తూ మూడూ ఒకేసారి దొరికాయి.

ఏ పనైనా మొదలుపెట్టే ముందు డిస్కులన్నీ వెనక్కి తిప్పి వెలుతుర్లో రంగు చూడు. వెండిలా మెరిస్తే ఫ్యాక్టరీలో అచ్చు వేసిన డిస్క్. డ్యూయల్ లేయర్ డీవీడీ అయితే లేత బంగారు ఛాయ ఉంటుంది, అది కూడా అసలుదే. ఊదా రంగులోనో, ఆకుపచ్చ, నీలం ఛాయలోనో ఉంటే అది ఎవరో రైట్ చేసిన కాపీ. మన ఊళ్లలో ఆ రోజుల్లో చేతులు మారిన గేముల్లో చాలా వరకు ఈ రకమే, మీ మామయ్యని తప్పుపట్టడం లేదు, మేమంతా అంతే. రైట్ చేసిన డిస్కులో సమాచారం రసాయన రంగు పొరలో ఉంటుంది. అటక మీద ఇరవై వేసవులు గడిపాక ఆ రంగు వెలిసిపోయి ఉండొచ్చు, దానికి ఎంత తుడిచినా లాభం లేదు. పైగా అలాంటి డిస్కులో "క్రాక్" (తాళం తీసేసేలా ఎవరో మార్చిన ప్రోగ్రామ్) అనే ఫోల్డర్ కనిపిస్తే దాన్ని ముట్టుకోకు. కింద చెప్పేదంతా వెండి డిస్కుల గురించి.

మొదటి డిస్క్ సంగతి. సీఆర్‌సీ ఎర్రర్ అంటే చదివిన సమాచారం లెక్క సరిపోలేదని అర్థం. ఇన్‌స్టాలర్‌ని పక్కనపెట్టి, డిస్కులోని ఫైళ్లన్నీ మామూలుగా హార్డ్ డిస్కులో ఒక ఫోల్డర్‌లోకి కాపీ చెయ్. ఆగిన చోటు రాసుకో. డిస్క్ తీసి, మళ్లీ పెట్టి, మళ్లీ కాపీ చెయ్. రెండుసార్లూ ఒకే ఫైల్ దగ్గర, ఒకే శాతం దగ్గర ఆగితే గీత డిస్క్ మీద ఉంది. ఒకసారి ఇక్కడ, ఒకసారి అక్కడ ఆగితే డిస్క్ అమాయకురాలు, డ్రైవ్‌కి కరెంటు చాలట్లేదు. యూఎస్‌బీ డ్రైవులు డిస్కుని తిప్పడం మొదలుపెట్టేటప్పుడు ఎక్కువ కరెంటు లాగుతాయి. హబ్‌లో పెట్టి ఉంటే తీసేసి నేరుగా ల్యాప్‌టాప్ పోర్టులో పెట్టు, ఛార్జర్ తగిలించి ఉంచు. డ్రైవ్‌తో పాటు రెండు కొనల కేబుల్ వచ్చి ఉంటే రెండు కొనలూ పెట్టు. రెండో కొన దేనికో అర్థంకాక అట్టపెట్టెలోనే వదిలేసినవాళ్లని చాలామందిని చూశాను.

గీత డిస్క్ మీదే అయితే గోరువెచ్చని నీళ్లలో చుక్క గిన్నెల సబ్బు, మెత్తటి పాత నూలు గుడ్డ చాలు. మధ్య నుంచి అంచుకి నిలువుగా తుడవాలి, గుండ్రంగా కాదు. దీనికి కారణం ఉంది. సీడీలో సమాచారం సన్నటి చుట్టలా మధ్య నుంచి బయటికి తిరుగుతూ వెళ్తుంది. ఆ దారిలో సుమారు 2.5 మిల్లీమీటర్ల ముక్క చెరిగిపోయినా మిగతాదాన్ని బట్టి లెక్కగట్టి సరిచేసుకునే ఏర్పాటు సీడీలోనే ఉంది. దారికి అడ్డంగా పడిన గీతని అది దాటేస్తుంది. గుండ్రంగా తుడిచి దారి వెంబడే పొడవుగా గీత పెడితే ఆ ఏర్పాటు చేతులెత్తేస్తుంది. టూత్‌పేస్ట్ జోలికి వెళ్లకు. అది చేసిన డిస్కుల్లో బాగుపడినవాటికంటే మసకబారినవే నా చేతికి ఎక్కువ వచ్చాయి.

ఇంకో మాట, డిస్కుని పట్టుకునేటప్పుడు అందరూ మెరిసే వైపు జాగ్రత్తగా చూసుకుని బొమ్మ ఉన్న వైపుని బల్ల మీద రాస్తారు. సీడీ విషయంలో ఇది తలకిందుల జాగ్రత్త. మెరిసే పొర బొమ్మకి సరిగ్గా కింద, పల్చటి లక్క పూత మాటున ఉంటుంది. ఆ పక్క గీత పడితే సమాచారమే ఊడిపోతుంది. డీవీడీలో ఆ పొర రెండు 0.6 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ పలకల మధ్య ఉంటుంది కాబట్టి కాస్త నయం. డిస్కుని వెలుతురికి ఎదురుగా పట్టుకుని చూడు, బొమ్మ వైపు నుంచి సూది బెజ్జాల్లా కాంతి కనిపిస్తే ఆ డిస్క్ మీద ఆశ తగ్గించుకో.

తుడిచినా చదవకపోతే ఇంకెవరి డ్రైవ్‌లోనైనా పెట్టి చూడు. డ్రైవుల కళ్లు ఒకేలా ఉండవు, ఒకటి చదవలేనిది ఇంకొకటి సునాయాసంగా చదువుతుంది. లినక్స్ అలవాటుంటే డీడీరెస్క్యూ అనే ఉచిత ప్రోగ్రామ్ ఉంది. అది ముందు బాగున్న భాగాలన్నీ తీసేసుకుని, పాడైన చోటికి తర్వాత తీరిగ్గా వెళ్తుంది. ఎక్కడ ఏది మిగిలిందో ఒక పటంలో రాసుకుంటుంది కాబట్టి సగం నీ డ్రైవ్‌తో, మిగతా సగం స్నేహితుడి డ్రైవ్‌తో పూరించొచ్చు. ఆ 73 శాతం గేమ్ నాలుగైదు సీడీలదైతే అన్ని సీడీలనీ ఒకే ఫోల్డర్‌లోకి కాపీ చేసి అక్కడి నుంచి సెటప్ నడుపు. "రెండో డిస్క్ పెట్టండి" అని అడిగే ఇన్‌స్టాలర్లలో చాలా వరకు, కావలసిన ఫైల్ పక్కనే కనిపిస్తే అడగడం మానేస్తాయి. ఒకవేళ కాపీ అంతా ఎర్రర్ లేకుండా అయ్యాక కూడా క్యాబ్ ఫైల్ (గేమ్ ఫైళ్లని కుదించి కట్టిన మూట) పాడైందని సెటప్ అంటే, అప్పుడు డిస్క్ మీద కాదు, ల్యాప్‌టాప్ ర్యామ్ మీద అనుమానపడు. విండోస్‌లోనే మెమరీ పరీక్ష ఉంది, ఒక రాత్రి నడిపి చూడు.

రెండో డిస్క్ గురించి పెద్దగా చెప్పడానికి లేదు. 1990ల గేముల్లో గేమ్ 32 బిట్‌దే, అంటే అప్పటి కొత్త తరందే అయినా దాని సెటప్ మాత్రం 16 బిట్‌ది, అంటే అంతకు ముందు తరంది అయి ఉండేది, విండోస్ 3.1 వాళ్లకి కూడా పలకాలని. 64 బిట్ విండోస్‌లో 16 బిట్ ప్రోగ్రాములు నడవవు, విండోస్ 11కి 32 బిట్ ఎడిషనే లేదు. కంపాటిబిలిటీ మోడ్‌లో, అంటే పాత విండోస్‌లా నటించే సెట్టింగ్‌లో, విండోస్ 95 ఎంచుకున్నా ఇది మారదు, ఆ చిట్కా చెప్పినవాళ్లు చేసి చూడలేదని అర్థం. విన్ఈవీడీఎం అని ఒక ఉచిత ప్రాజెక్ట్ ఉంది, అది 16 బిట్ సెటప్‌లని 64 బిట్ విండోస్‌లో నడుపుతుంది, ముందు అది ప్రయత్నించు. అసలు గేమే విండోస్‌కి ముందు నాటి డాస్‌ది అయితే, డాస్‌ని అనుకరించే డాస్‌బాక్స్ అనే ప్రోగ్రామ్‌లో వేసుకో, అది వేరే కథ, సులువైన కథ.

ఆ సెటప్ తెరుచుకున్నాక ఒక వింత ఎదురుకావొచ్చు. నీ హార్డ్ డిస్కులో 400 జీబీ ఖాళీ ఉన్నా "స్థలం చాలదు" అంటుంది. భయపడకు. ఆ కాలం ప్రోగ్రామర్లు ఖాళీ స్థలాన్ని 32 బిట్ల సంఖ్యలో లెక్కపెట్టారు. అందులో 2 జీబీ దాటితే సంఖ్య పొంగిపోయి మైనస్‌లోకి పోతుంది. ఎక్కువ ఉండటమే ఇక్కడ నేరం. డిస్క్ మేనేజ్‌మెంట్‌లో ఒకటిన్నర జీబీ వర్చువల్ హార్డ్ డిస్క్ (హార్డ్ డిస్కులా కనిపించే ఒక ఫైల్) చేసి, దానికో అక్షరం ఇచ్చి, అందులో ఇన్‌స్టాల్ చెయ్. నోరు మూసుకుని ఒప్పుకుంటుంది.

ఇక మోస్ట్ వాంటెడ్.

ఇక్కడ నీ డిస్క్ బాగుంది, డ్రైవ్ బాగుంది, ఇన్‌స్టాల్ బాగుంది. తలుపుకి వేసిన తాళమే ఇప్పుడు తెరుచుకోవట్లేదు. దాని పేరు సేఫ్‌డిస్క్. సీ-డిల్లా అనే కంపెనీ తయారుచేసింది, 1999లో మాక్రోవిజన్ ఆ కంపెనీని కొనేసింది. అప్పటి నుంచి పదేళ్ల పాటు పెద్ద కంపెనీల గేములు లెక్కలేనన్ని ఈ తాళంతోనే వచ్చాయి. పని చేసే తీరు తెలివైనది. గేమ్ అసలు ప్రోగ్రామ్‌ని గుప్తలిపిలో మూటకట్టి పెడతారు. డిస్క్ అచ్చు వేసేటప్పుడే మామూలు రైటర్లు నకలు తీయలేని గుర్తులు అందులో వేస్తారు. మొదటి వెర్షన్లలో కావాలని పాడుచేసిన సెక్టర్లు, తర్వాతి వెర్షన్లలో "బలహీన సెక్టర్లు" అనేవాళ్లు, అంటే చాలా రైటర్లు తప్పుగా రాసేసే బిట్ల వరస. గేమ్ తెరిచినప్పుడు తాళం ముందు ఆ గుర్తుల కోసం వెతుకుతుంది. కనిపిస్తే మూట విప్పుతుంది, లేకపోతే "సరైన సీడీ పెట్టండి" అంటుంది.

ఈ పాడు సెక్టర్ల దగ్గర నా పరువు ఒకసారి పోయింది, చెప్తాను. విజయవాడలో నెట్ సెంటర్ నడిపే రోజుల్లో ఒక కాలేజీ కుర్రాడు కొత్త గేమ్ సీడీ తెచ్చి, గీతలు పడకముందే ఒక కాపీ తీసి ఇవ్వమన్నాడు. మొదలుపెట్టిన రెండు నిమిషాలకే డ్రైవ్ కీచుకీచుమంటూ ఎర్రర్ల మీద ఎర్రర్లు. డిస్కే లోపభూయిష్టం, షాపులో ఇచ్చి మార్పించుకో అని పెద్దరికంగా చెప్పాను. పాపం వెళ్లి మార్పించుకొచ్చాడు. రెండోది కూడా సరిగ్గా అదే చోట కీచుమంది. మూడోసారి పంపబోతుంటే ఆ షాపాయనే ఫోన్ చేసి, "సార్, ఇన్‌స్టాల్ చేసి చూశారా, కాపీయే చేస్తున్నారా?" అని అడిగాడు. ఇన్‌స్టాల్ చేస్తే శుభ్రంగా నడిచింది. అందుకే చెప్తున్నా, మోస్ట్ వాంటెడ్ డిస్కుకి ఐఎస్‌ఓ ఇమేజ్, అంటే డిస్క్ మొత్తానికి ఒకే ఫైల్‌గా నకలు, తీయబోయి ఎర్రర్లు వస్తే డిస్క్ పోయిందనుకోకు. ఎర్రర్ లేకుండా తీసినా మామూలు ఐఎస్‌ఓ ఫైల్‌లోకి ఫైళ్ల సమాచారమే వస్తుంది, ఆ గుర్తులు రావు, కాబట్టి ఆ ఇమేజ్‌తో తాళం తెరుచుకోదు. ఇమేజ్‌ని నిజం డిస్కులా చూపించే వర్చువల్ డ్రైవ్ ప్రోగ్రాములు ఉన్నాయని కనిపెట్టి మొరాయించే తాళాలు కూడా ఉన్నాయి, పాత డీమన్ టూల్స్ లాంటిది ఉంటే తీసేయ్.

తాళం డిస్కుతో నేరుగా మాట్లాడటానికి సెక్‌డ్రైవ్ అనే డ్రైవర్‌ని, అంటే విండోస్ లోపల మధ్యవర్తిలా పనిచేసే ఒక చిన్న ప్రోగ్రామ్‌ని, వాడుకునేది. అది విండోస్ గుండెలో, అంటే కెర్నెల్‌లో నడుస్తుంది. విండోస్ ఎక్స్‌పీ నుంచి 8.1 వరకు మైక్రోసాఫ్టే దాన్ని విండోస్‌తో పాటు ఇచ్చింది. 2007లో అందులో ఒక లొసుగు బయటపడింది, దాని ద్వారా మామూలు యూజర్ హక్కులతో ఉన్నవాడు సిస్టమ్ మొత్తాన్ని చేతిలోకి తీసుకోగలిగేవాడు. ఆ ఏడాది డిసెంబర్‌లో దానికి అతుకు వేశారు. 2015 జూలైలో విండోస్ 10 వచ్చినప్పుడు ఆ డ్రైవర్‌నే తీసేశారు. అదే సెప్టెంబర్‌లో కేబీ3086255 అనే అప్‌డేట్ ఇచ్చి విస్టా, 7, 8 లలో కూడా దాన్ని ఆపేశారు. నీ ల్యాప్‌టాప్‌లో నువ్వు ఐకాన్ నొక్కగానే గేమ్ ఆ డ్రైవర్‌ని పిలుస్తోంది, ఎవరూ పలకట్లేదు, అది మాట్లాడకుండా కళ్లు మూసుకుంటోంది. ఎర్రర్ కూడా చూపించకపోవడానికి కారణం అంతే.

కాబట్టి రీఇన్‌స్టాల్ చేయడం, అడ్మినిస్ట్రేటర్‌గా నడపడం, కంపాటిబిలిటీ మోడ్ మార్చడం, ఇవేవీ ఈ రోగానికి మందు కాదు. ఎవడో పెట్టిన సైట్ నుంచి ఆ డ్రైవర్ ఫైల్ దింపుకుని, విండోస్‌లో డ్రైవర్ సంతకాల తనిఖీ ఆపేసి వేసుకోమని వీడియోలు కనిపిస్తాయి. వద్దు. అదే ల్యాప్‌టాప్‌లో నువ్వు బ్యాంకు పని చేసుకుంటావు. కారు రేసు కోసం ఇంటి పెరటి గోడ కూల్చుకోవడం అది.

చేయగలిగినవి చెప్తాను, నాకు నచ్చిన వరసలో. ఒకటి, అదే గేమ్ తాళం లేకుండా అధికారికంగా దొరుకుతుందా చూడటం. చాలా పాత గేములకి ఇదే దగ్గరి దారి. డయాబ్లో 2, స్టార్‌క్రాఫ్ట్, వార్‌క్రాఫ్ట్ 3 గేములకి 2008లో వచ్చిన ప్యాచ్‌లతో సీడీ పెట్టాల్సిన పనే పోయింది. కమాండ్ అండ్ కాంకర్ మొదటి గేమునీ రెడ్ అలర్ట్‌నీ ప్రచురణకర్తలే ఉచితంగా ఇచ్చేశారు. జీఓజీ అనే ఆన్‌లైన్ దుకాణంలో పాత గేములు తాళాలు లేకుండానే అమ్ముతారు, వారం వారం తగ్గింపులు ఉంటాయి. మీ మామయ్య పెట్టెలో మిగిలినవన్నీ ముందు అక్కడ వెతుకు. కానీ 2005 నాటి మోస్ట్ వాంటెడ్ డిజిటల్ దుకాణాల్లో అమ్మకానికి లేదు. స్టీమ్‌లో ఆ పేరుతో కనిపించేది 2012 నాటి వేరే గేమ్, పొరపాటున కొనేసి నన్ను తిట్టుకోకు.

కనుక నీకు రెండోది. సేఫ్‌డిస్క్‌షిమ్ అని ఒక ఓపెన్ సోర్స్ ప్రాజెక్ట్ ఉంది. అది తాళాన్ని పగలగొట్టదు. గేమ్ ఆ పాత డ్రైవర్‌ని పిలిచినప్పుడు మధ్యలో ఇది అందుకుని, డ్రైవర్ ఇవ్వాల్సిన జవాబు తనే ఇస్తుంది. కెర్నెల్‌లోకి ఏమీ చొప్పించదు. అసలు డిస్క్ డ్రైవ్‌లో ఉండాల్సిందే, అది నీ దగ్గర ఉంది కదా. ప్రాజెక్ట్ సొంత పేజీ నుంచే దింపుకో, నీ డిస్క్ మీద ఉన్న సేఫ్‌డిస్క్ వెర్షన్ గురించి అక్కడ ఏం రాశారో చదివి మొదలుపెట్టు.

మూడోది, నా ఇంట్లో నేను చేసింది. పాత కోర్ 2 డ్యువో డెస్క్‌టాప్‌లో ఎక్స్‌పీ వేసి, నెట్ కేబుల్ పీకేసి, గేములకే వదిలేశాను. ఆ కాలం గ్రాఫిక్స్ కార్డు, ఆ కాలం మానిటర్, ఆ కాలం డ్రైవ్. ఏ తాళమూ పేచీ పెట్టదు. ఎక్స్‌పీ దారి పడితే ఒకటి గుర్తుంచుకో. గీతలు పడిన డిస్కుతో కుస్తీ పడుతుంటే, ఆరు సీఆర్‌సీ ఎర్రర్లు పోగయ్యాక ఎక్స్‌పీ ఆ డ్రైవ్‌ని వేగమైన డీఎంఏ నుంచి నత్తలాంటి పీఐఓ మోడ్‌లోకి దించేస్తుంది, తర్వాత మంచి డిస్క్ పెట్టినా తిరిగి పైకి రాదు. డివైస్ మేనేజర్‌లో ఆ డ్రైవ్ తగిలించిన ఐడీఈ ఛానల్‌ని అన్‌ఇన్‌స్టాల్ చేసి రీస్టార్ట్ చేస్తే మామూలైపోతుంది. ఇది తెలియక నేను బాగున్న డ్రైవుల్ని రెండు పారేశాను.

నో-సీడీ క్రాక్ గురించి నువ్వు అడగలేదు కానీ కింద కామెంట్లలో ఎవరో ఒకరు రాస్తారు. డిస్క్ కొనుక్కున్నవాడు దాన్ని ఆడుకోవడానికి చేసే పని నీతిగా తప్పని నేను అనను. మన కాపీరైట్ చట్టం సెక్షన్ 52(1)(ఏఏ) కూడా న్యాయంగా కొన్నవాడు పోకుండా పాడవకుండా బ్యాకప్ కాపీ ఉంచుకోవచ్చనే అంటుంది. అయితే 2012 సవరణలో చేర్చిన 65ఏ ప్రకారం హక్కుల్ని ఉల్లంఘించే ఉద్దేశంతో ఇలాంటి తాళాన్ని దాటవేస్తే రెండేళ్ల వరకు జైలు. నీ ఉద్దేశం అది కాదని నాకు తెలుసు. నా అభ్యంతరం వేరే. ఆ ఫైళ్లు పెట్టే సైట్లలో ఏది గేమో ఏది వైరసో యాంటీవైరస్‌కి కూడా తెలియదు, ఎందుకంటే క్రాక్ చేసిన ఫైల్ మంచిదైనా చెడ్డదైనా అది ఒకేలా అరుస్తుంది. సేఫ్‌డిస్క్‌షిమ్ ఉండగా ఆ జూదం దేనికి?

పెట్టెలో మిగిలిన డిస్కుల్లో సెక్యూరామ్ అనే ఇంకో తాళం తగలొచ్చు, సోనీ డీఏడీసీ వాళ్లది. జీటీఏ శాన్ ఆండ్రియాస్ డిస్క్ ఉంటే అది ఆ బాపతే. అది సెక్టర్లు పాడుచేయదు, డిస్క్ మీద సమాచారం ఎక్కడ ఎంత ఒత్తుగా ఉందో కొలుస్తుంది. కొన్ని వెర్షన్లు విండోస్ 11లో కూడా నడుస్తాయి, కొన్ని నడవవు, పెట్టి చూడటమే. "సెక్యూరిటీ మాడ్యూల్ యాక్టివేట్ కాలేదు" అని వస్తే వెనక ప్రాసెస్ ఎక్స్‌ప్లోరర్ లాంటిది (నడుస్తున్న ప్రోగ్రాముల్ని పరిశీలించే ప్రోగ్రామ్) తెరిచి ఉందేమో చూసి మూసెయ్, హ్యాకర్ అనుకుని బెదిరిపోతుంది. 2007, ఆ తర్వాతి డిస్కులైతే ఇంటర్నెట్‌లో యాక్టివేషన్ అడగొచ్చు. బయోషాక్ మొదట రెండు కంప్యూటర్లకే అనుమతిచ్చింది, గొడవయ్యాక అయిదు చేశారు. స్పోర్ 2008లో మూడుతో మొదలైంది. మీ మామయ్య ఆ లెక్క అప్పుడే వాడేసి ఉంటే కీ సరిగ్గా కొట్టినా ఒప్పుకోదు. కవర్ మీద స్టీమ్ గుర్తు ఉంటే మాత్రం అదృష్టం, వాడని కీ అయితే స్టీమ్‌లో కొట్టి డిస్క్ లేకుండానే దింపుకోవచ్చు. కీ కొట్టేటప్పుడు సున్నాకీ ఓ అక్షరానికీ, 8కీ బీకీ తేడా చూసుకో.

స్టార్‌ఫోర్స్ అనే తాళం ఉన్న డిస్క్ ఏదైనా కనిపిస్తే నీ ల్యాప్‌టాప్‌లో పెట్టకు. అది తన సొంత డ్రైవర్లని విండోస్‌లో నాటేది, అప్పట్లో దాని మీద రేగిన గోల అంతా ఇంతా కాదు, 2006 ఏప్రిల్‌లో యూబీసాఫ్ట్ దాన్ని వాడటమే మానేసింది. అలాంటి గేమ్ ఆడాలంటే జీఓజీలోనో స్టీమ్‌లోనో కొత్తది కొనుక్కోవడమే.

తాళం తెరుచుకున్నాక "డీ3డీఎక్స్9" తో మొదలయ్యే పేరున్న ఫైల్ ఏదో లేదని వస్తే అది చిన్న విషయం, మైక్రోసాఫ్ట్ వాళ్ల 2010 జూన్ నాటి డైరెక్ట్‌ఎక్స్ ఎండ్ యూజర్ రన్‌టైమ్ వేసుకో. ఆ ఒక్క ఫైల్ని విడిగా ఇచ్చే సైట్లకి వెళ్లకు. గేముల్ని ప్రోగ్రామ్ ఫైల్స్‌లో కాకుండా సీ డ్రైవ్‌లో గేమ్స్ అని ఒక ఫోల్డర్ చేసి అందులో పెట్టు, లేకపోతే సేవ్ ఫైళ్లని విండోస్ ఇంకెక్కడో దాచి నిన్ను వెతికిస్తుంది.

ముందు ఆ 73 శాతం డిస్కుని రెండుసార్లు కాపీ చేసి, రెండుసార్లూ ఆగిన ఫైల్ పేరు ఇక్కడ రాయి. మోస్ట్ వాంటెడ్ డిస్క్ వెనక వైపు ఫొటో కూడా పెట్టు, రంగు చూసి చెప్తాను. ఊదా రంగులో ఉంటే నేను పైన సేఫ్‌డిస్క్ గురించి రాసిందంతా నీకు అక్కర్లేదు, మీ మామయ్యకి ఫోన్ చేసి అసలు డిస్క్ ఎవరికి ఇచ్చాడో కనుక్కో.